ఏడున్నరకొచ్చే దేవదూత

శివకుమార్ రాసే దేవదూతకు రెక్కల్లేవు. మొదటిరోజు షూటింగులో ఉన్నాయి. హైదరాబాదులో ఎవరిచేతో ఈకలతో కుట్టించిన జత అది. వాటిని తగిలించుకుని దేవదూత గుమ్మం దాటబోతే ఒక రెక్క తలుపు గడియకు తట్టుకుని ఊడింది. రెండోది లోపల సీలింగ్ ఫ్యాను పాలైంది. డైరెక్టర్ మహానంది ఆ పూటే తెల్ల పంచె, తెల్ల శాలువా తెప్పించాడు. "మన జనానికి రెక్కలెందుకప్పా? తెల్లబట్టా, ఒక మంచి మాటా ఉంటే సాలు" అన్నాడు. తెల్లబట్ట సంగతి కంపెనీవాళ్లు చూసుకున్నారు. మంచి మాట సంగతి శివకుమార్ చూసుకోవలసి వచ్చింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

సీరియల్ పేరు 'దారి చూపే దేవదూత'. ఆదివారం తప్ప రోజూ సాయంత్రం ఏడున్నరకు వస్తుంది. ఏదో ఒక ఇంట్లో ఏదో ఒక కష్టం. ఉద్యోగం పోయినవాడు, పరీక్ష తప్పిన పిల్ల, గోడ కోసం కొట్టుకునే అన్నదమ్ములు. ఇక దిక్కులేదని వాళ్లు తల పట్టుకునే వేళకు తెల్లశాలువా మనిషి ఎక్కణ్ణుంచో వచ్చి, ఒక మాట చెప్పి, చిరునవ్వు నవ్వి మాయమైపోతాడు. ఆ మాటతో ఆ ఇల్లు బాగుపడుతుంది. రేటింగు బాగుంటే మాత్రం బాగుపడడానికి ఇంకాస్త సమయం పడుతుంది.

ఇంతమందికి దారి చూపే మాటలు రాసే శివకుమార్‌కు తన దారి ఎటో నలభై దాటినా అంతుబట్టలేదు. పుట్టింది కోడుమూరులో, మగ్గం ఇంట్లో. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని బతకడం తనవల్ల కాదనీ, తాను కథలు రాయడానికే పుట్టాననీ తెలిసి చిన్నతనంలోనే ఇల్లు విడిచాడు. కథలు రాశాడు కూడా. అతని కథలు వేసుకున్న పత్రికలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. అందులో తన తప్పేమీ లేదని అతను ఇప్పటికీ వాదిస్తాడు. పెళ్లి కాలేదు. హైదరాబాదులో అద్దెలు భరించలేక, కోడుమూరులో జనం అడిగే ప్రశ్నలు భరించలేక, రెండింటికీ మధ్యన కర్నూలులో బుధవారపేటలో ఒక మేడగది పట్టుకుని, సీన్లు రాసి ఫోన్లో పంపుతూ ఉంటాడు. లోకానికంతటికీ ధైర్యం చెప్పే మనిషి ఇంటాయన మెట్లమీద ఎదురొస్తే చెప్పులు చేతబట్టుకుని వెనక్కి దిగిపోతాడు.

కొన్నాళ్లకు శివకుమార్ దగ్గర కష్టాలు అయిపోయాయి. సొంత కష్టాలు మొదటి వారాల్లోనే వాడేశాడు. స్నేహితుల కష్టాలు వాడాక స్నేహితులు తగ్గారు. సరిగ్గా అప్పుడు అక్క ఫోన్ చేసింది.

అక్క గంగాదేవి కోడుమూరులోనే ఉంటుంది. ఆమె, భర్త హనుమన్న ఇద్దరూ పెద్దంచు పట్టుచీరలు నేస్తారు. సాయంత్రం మగ్గం దిగాక తమ్ముడికి ఫోన్ చేయడం ఆమెకు అలవాటు. ఆమె మాట్లాడుతుంటే అతను ఫోన్ బల్లమీద పెట్టి, స్పీకర్ నొక్కి, తన పని తాను చేసుకుంటూ మధ్యమధ్య "ఊఁ" అనడం అతని అలవాటు. అది వినడమేనని అతని నమ్మకం.

"శివా, మీ బావ నాతో మాట్లాడ్డంల్యారా" అంది ఆరోజు.

"ఊఁ."

"చీరలు కొనే షావుకారు చీర సూస్తా, అంచుకాడ పోగు తప్పిండాది, ఎవురు చేసిండేదిది అనె. నేనే అంటి. ఆ పొద్దు నుంచి నోరు మూసుకున్యాడు. ఒక్క మాటంటే ఒక్క మాట ల్యా. మగ్గంలో ఇద్దురం పక్కపక్కనే కూసుంటాండాం. నా వంతు వస్తే నాడెతో కట్టెమీద టక్కుమని కొడతాడు. నేను పోగేస్తా. మళ్లా టక్కు. మనిషితో కాపురం చేస్తాండానో, టక్కుతో చేస్తాండానో తెల్డంల్యా."

శివకుమార్ చేతులు ఆగాయి. ఆ చీరలు ఒక్కరు నేసేవి కావు. చీర ఒంటికి ఒక రంగు, అంచుకు ఒక రంగు. ఒకరు నడుమ కూర్చుని, పోగు చుట్టిన నాడె తోస్తూ ఒళ్లు నేస్తుంటే, ఇంకొకరు అంచు దగ్గర కూర్చుని, వరుస వరుసకూ ఒంటి పోగునూ అంచు పోగునూ కలపాలి. ఎంత పోట్లాడుకున్నా తెల్లారి ఒకే మగ్గం ఎక్కాల్సిందే. మాటల్లేని మొగుడూ పెళ్లాలు, మధ్యన ఒక చీర. అక్క మాటలు చెవిలో పడుతుండగానే అతనికి సీను కళ్లముందు కనబడింది. కెమెరా ఎక్కడ పెట్టాలో కూడా కనబడింది.

"నన్నేం జెయ్యమంటావురా?" అంది గంగాదేవి.

"చూద్దాంలే అక్కా."

"ఇంగోటి చెప్పల్ల. మీ బావకు..."

"అక్కా, మహానంది సార్ ఫోన్ వస్తాంది. మళ్లీ చేస్తా" అన్నాడు. మహానంది ఫోన్ రాలేదు. అతనే మహానందికి చేశాడు.

సంగతి వినగానే మహానంది ఎగిరి గంతేశాడు. శివకుమార్ రాసిన కథలో భర్త మహా అహంకారి. భార్య నోరులేని మనిషి. మగ్గం పక్కన ఆమె కళ్లు తుడుచుకుంటుంటే తెల్లశాలువా దేవదూత ప్రత్యక్షమై, "నువ్వే ముందు మాట్లాడు తల్లీ" అంటాడు. మహానంది అది చదివి పెదవి విరిచాడు.

"ఆయమ్మ మాట్లాడుతుంది, ఆయప్ప మాట్లాడతాడు, కథైపాయ. రేపు మనమేం సూపించల్ల? ఆయమ్మను ఇల్లు కదిలించప్పా."

శివకుమార్ కాసేపు తల గోక్కుని, ఇలా రాశాడు: "విలువ తెలియని చోట నిలవకు తల్లీ. కొన్నాళ్లు పుట్టింటికి వెళ్లు. నీ చోటు ఖాళీ అయిన నాడే అతనికి నీ విలువ తెలుస్తుంది." రాసి, పైకి చదువుకుని, తనకే ఒళ్లు పులకరించగా లేచి టీ పెట్టుకున్నాడు. అక్కకు మళ్లీ ఫోన్ చేయడం మరిచిపోయాడు.

ఆ భాగం ప్రసారమైన మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. తీస్తే గుమ్మంలో గంగాదేవి. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో జొన్నరొట్టెల మూట.

"ఏమక్కా, చెప్పకుండా వచ్చిండావు?"

"నువ్వే గదరా రమ్మంటివి."

"నేనెప్పుడంటి?"

"నిన్న ఏడున్నరకు" అంది గంగాదేవి, అతణ్ణి పక్కకు నెట్టి లోపలికి వస్తూ.

శివకుమార్‌కు విషయం అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మంచంమీద కూలబడ్డాడు. అమ్మానాయనా పోయాక అక్కకు పుట్టిల్లంటే ఈ మేడగదే.

"అక్కా, అది కథ. సీరియలు. ఊరికే రాస్తాం."

"కథని నాకు తెల్దా? నేనేమన్నా పిచ్చిదాన్నా? నేను ఫోన్లో చెప్పిండే మాటలే ఆ సీరియల్ల ఆయమ్మ చెప్పె. టక్కుతో సహా చెప్పె. ఓహో, మా శివుడు నాకు జవాబిస్తాండాడనుకొంటి." రొట్టెల మూట విప్పుతూ మళ్లీ అంది. "మనింట్లో ఎవురు ఎవురికి మొగం సూసి చెప్పినారురా? నాయనకు అమ్మమీద కోపమొస్తే పిల్లితో చెప్తాండె. 'పిల్లీ, కూరలో ఉప్పెక్కువైంది' అని. అమ్మ కూడా పిల్లికే జవాబు చెప్తాండె. నువ్వూ ఆయప్ప బిడ్డవే గదా. నాకు నేరుగా చెప్పల్యాక తెల్లశాలువా ఆయప్పతో చెప్పిస్తివి. నేను వస్తి. ఇప్పుడు నేనేం జెయ్యల్ల?"

నిజం చెప్పడానికి అదే సమయం. 'అక్కా, నీ కష్టం నేను సగమే విన్నా. విన్న సగం అమ్ముకున్నా. ఆ మాట నీకోసం రాసింది కాదు, మహానంది కోసం రాసింది' అనాలి. సీరియల్లో అయితే అనేవాడు, వెనకనుంచి వయొలిన్లు కూడా మోగేవి. కానీ అక్క అతని వంక చూస్తున్న చూపులో తమ్ముడు తనను పట్టించుకున్నాడన్న సంతోషం ఉంది. ఇంత సంతోషం తను అక్కకు ఎప్పుడూ ఇవ్వలేదు, ఇచ్చిన ఒక్కసారీ పొరపాటున ఇచ్చాడు.

"చూద్దాంలే అక్కా" అన్నాడు.

అప్పట్నుంచి రోజూ ఏడున్నరకు గంగాదేవి టీవీ ముందు చాప పరుచుకుని కూర్చునేది. ఈ పూట దేవదూత ఏం చెబుతాడో, దాన్నిబట్టి సంచి సర్దుకుందామని. శివకుమార్ అర్జెంటుగా ఒక సీను రాశాడు. భర్త భార్య పుట్టింటికి వస్తాడు. గుమ్మంలో నిలబడతాడు. ఇద్దరూ మాట్లాడుకుంటారు. సీను హైదరాబాదుకు పోయింది, గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చింది.

"ఏమప్పా, నీకేమన్నా బుద్ధుండాదా?" అన్నాడు మహానంది. "ఆయమ్మ ఇల్లు విడిచినకాడ్నుంచి రేటింగు పైకి పోతాండాది. ఇప్పుడు మొగుణ్ణి తెస్తావా? ఇంగ శానా దినాలు ఆయమ్మను పుట్టింట్లోనే ఉంచల్ల."

"సార్, ఆమె ఉండేది పుట్టింట్లో కాదు సార్. నా రూములో. ఆమె మా అక్క."

"అక్కేలేప్పా. సూసే జనానికందరికీ ఆమె అక్కే. అదే మన బలం" అని మహానంది ఫోన్ పెట్టేశాడు.

గంగాదేవి ఖాళీగా కూర్చునే మనిషి కాదు. గది ఊడ్చింది. గిన్నెలు తోమింది. తోమినవే మళ్లీ తోమింది. ఒక మధ్యాహ్నం ఆమె చాపమీద కునుకు తీస్తుంటే శివకుమార్ చూశాడు. నిద్రలోనే ఆమె కుడిచెయ్యి కొంచెం లేచి, నాడె తోసినట్టు కదిలి, మళ్లీ కింద పడుతోంది. పక్కన ఎవరూ లేరు. చెయ్యి మాత్రం తన వంతు తప్పకుండా చేసుకుపోతోంది. అతనికి సిగ్గేసింది, భయమూ వేసింది. ఆమె కాపురం తను సరదాగా రాసిన మూడు వాక్యాల దగ్గర ఆగిపోయి ఉంది.

బావకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పక్కింటి నేతగాడు బాలస్వామికి చేశాడు.

"మీ బావనా? బాగనే ఉండాడు" అన్నాడు బాలస్వామి. "దినామూ ఏడున్నరకు మా ఇంటికొచ్చి టీవీకి మూరెడు దూరంలో కూసుంటాండాడు. ఎనకుండే మాకు ఏమీ కనపడదు, ఆయప్ప నెత్తి తప్ప. ఏమప్పా, పోయి పెండ్లాన్ని పిల్చుకరా గూడదా అంటే, 'ఆ దేవదూత ఆడోళ్లకే చెప్తాండాడు, మొగోనికి చెప్పనీ, అప్పుడు పోతా' అంటాండాడు."

అక్క ఇక్కడ ఎదురుచూస్తోంది. బావ అక్కడ ఎదురుచూస్తున్నాడు. వాళ్లిద్దరూ ఎదురుచూసే దేవదూత, మళ్లీ రాసి పంపిన సీను ఒప్పుకుంటారో లేదోనని మహానంది ఫోన్ కోసం ఎదురుచూస్తూ పళ్లపొడి కొనడానికి కూడా బద్ధకించి మంచంమీద పడుకుని ఉన్నాడు. ఇంతకంటే పనికిమాలిన దేవదూత ఏ లోకంలోనూ ఉండడని శివకుమార్‌కు తోచింది. లేచి, ముఖం కడుక్కుని, అక్కతో బజారుకని చెప్పి, కోడుమూరు బస్సెక్కాడు.

బస్సులో దారి పొడుగునా బావతో ఏం మాట్లాడాలో రాసుకుంటూ పోయాడు, మనసులోనే. చాలా గొప్పగా వచ్చింది. భార్యాభర్తలు పడుగూ పేకా అన్నాడు. అహంకారాన్ని చిక్కుపడ్డ పోగుతో పోల్చాడు. కోడుమూరులో దిగేసరికి తన మాటలకు తనకే కళ్లు చెమర్చాయి.

ఇంట్లోకి పోయి చూస్తే హనుమన్న ఒక్కడే చీర నేస్తున్నాడు. నడుమ కూర్చుని ఒకసారి నాడె తోస్తాడు. గుంతలోంచి లేస్తాడు. మోకాళ్లు పట్టుకుని చుట్టూ తిరిగి అంచు దగ్గరికి వస్తాడు. అక్కడ పోగు కలుపుతాడు. మళ్లీ లేచి, చుట్టూ తిరిగి, తన చోటికి పోయి గుంతలో దిగుతాడు. ఒక్క వరుసకు ఒక ప్రదక్షిణం. శివకుమార్ బస్సులో కూడబెట్టుకున్న మాటలన్నీ గుమ్మంలోనే మరిచిపోయాడు.

"ఎవురది?" అన్నాడు హనుమన్న, నాలుగడుగుల దూరంలో ఉన్న బావమరిది వంక తేరిపార చూస్తూ.

"నేను బావా. శివుణ్ణి."

"నువ్వా! రాప్పా, రా. మీయక్క బాగుండాదా? ఏమప్పా, నాకు ఆయప్ప ఎప్పుడు చెప్తాడు?"

శివకుమార్ పోయి అంచు దగ్గర అక్క చోట్లో కూర్చున్నాడు. "కానీ బావా, నేనేస్తా ఇటుపక్క" అన్నాడు. చిన్నప్పుడు చేసిన పనే గదా అనుకున్నాడు. చేతులు అలా అనుకోలేదు. నాడె వంకరగా పోయి ఒక పోగు తెగింది.

"తియ్యి, తియ్యి. నేనతుకుతా" అని హనుమన్న ముందుకు వంగాడు. తెగిన పోగు ఎర్రగా, స్పష్టంగా, అతని ముక్కు కిందే ఉంది. అతని వేళ్లు దానికి ఇవతల తడుముతున్నాయి. అవతల తడుముతున్నాయి. దానిమీద మాత్రం పడడం లేదు. కాసేపు అలా వెతికి, బావమరిది చూస్తున్నాడని తెలిసి, చేతులు వెనక్కి తీసుకున్నాడు.

దేవదూత సీరియల్ మొదలయ్యాక శివకుమార్ నోరు మూసుకుని ఊరుకున్న మొదటి సందర్భం అదే కావచ్చు. దానివల్లే హనుమన్న నోరు తెరిచాడు.

"కండ్లు ఆనడంల్యాప్పా" అన్నాడు. "మంచు పట్టినట్లుండాది. ఆ పొద్దు పోగు తప్పిండేది నేను. అంచు దాకా రావల్సిన నా పోగే తప్పింది. షావుకారు అడిగితే నా నోరు రాల్యా. మీయక్క బిరీన 'నేనే' అనె. నాకది తెలిసి చెప్పెనో, తెలీక నిజంగా తన తప్పే అనుకొనెనో తెల్డంల్యా. తెలీక చెప్పింటే, నా తప్పు పెండ్లాం నెత్తిన పెట్టి ఊరకున్యానే, నేనేం మొగోణ్ణి? తెలిసి చెప్పింటే, నేను గుడ్డోణ్ణయితాండానని ఆయమ్మకు తెలిసిపాయ. నోరు తెరిస్తే యాడ ఆ మాట అడుగుతుందో అని భయమై, నోరే కట్టేసుకొంటి. అహంకారమంట! మీ సీరియల్ల ఆ మొగునికి అహంకారమంట. నాకు యాడిదప్పా అహంకారం?"

అహంకారం అన్న మాట రాసింది ఎవరో ఇద్దరికీ తెలుసు. శివకుమార్ తల వంచుకున్నాడు. 'ఇంగోటి చెప్పల్ల, మీ బావకు...' అని అక్క ఫోన్లో ఆగిపోయిన చోటు అతనికి గుర్తొచ్చింది. బావకు కళ్లు కనపడవని చెప్పబోయిందా, బావకు ఒళ్లు బాగలేదని చెప్పబోయిందా, బావకు కొత్త చెప్పులు తెమ్మని చెప్పబోయిందా? అతనికి తెలీదు. తెలుసుకోవలసిన క్షణంలో అబద్ధమాడి ఫోన్ పెట్టేశాడు.

"నేను సగమే విన్నా బావా" అన్నాడు. "మిగతాది నేనే కల్పించినా."

హనుమన్నకు కోపం రాలేదు. వచ్చి ఉంటే శివకుమార్‌కు కొంచెం తేలికగా ఉండేది.

"ఈ మాట అక్కతో చెప్పు బావా. పోదాం పా."

"ఎట్ల చెప్పేది? నువ్వు మాటలు రాసేటోనివి గదా. ఏం చెప్పల్లో నువ్వు చెప్పు, నేను నేర్చుకుంటా."

శివకుమార్ ప్రాణం లేచొచ్చింది. ఇంత జరిగినా బుద్ధి రాలేదనడానికి ఇంకేం రుజువు కావాలి? గొంతు సవరించుకుని, "గంగా, నా కళ్లలో వెలుగు తగ్గినా, నా మనసులో నువ్వు వెలిగించిన దీపం..." అని అందుకున్నాడు.

"మనసులో దీపమేందప్పా?"

"అంటే, ప్రేమ బావా."

"దీపమంటే నూనె పోయల్ల, వత్తి ఎగదొయ్యల్ల. అదంతా ఎవురు చేస్తారు?" అని హనుమన్న కాసేపు ఆలోచించి, "సరేలే, నువ్వు చెప్తాండావు గదా, అట్లనే అంటా" అన్నాడు.

మడతపెట్టిన పంచె కట్టుకుని, తీగమీద ఆరేసిన అంగీ తొడుక్కుని బయల్దేరాడు. కర్నూలు చేరేదాకా బస్సులో "కండ్లలో వెలుగు, మనసులో దీపం" అని గొణుక్కుంటూనే ఉన్నాడు. పక్క సీట్లో ముసలామె అతను ఏదో స్తోత్రం చదువుతున్నాడనుకుని చేతులు జోడించింది. ఒకసారి మాత్రం గొణుగుడు ఆపి, "ఈ పొద్దు దేవదూత ఏం చెప్తాడప్పా?" అని అడిగాడు.

"నాకే తెల్దు బావా."

"రాసేటోనికి తెల్దా?"

"నేను రాసింది తీసేసినారు. మహానంది సార్ ఏం పెట్టినాడో."

"ఆయనకెవురు చెప్తారు?"

"రేటింగు."

రేటింగు ఎవరో పెద్దమనిషి అయి ఉంటాడనుకుని హనుమన్న ఇంకేం అడగలేదు.

మెట్లెక్కి గది తలుపు తోసేసరికి ఏడున్నర దాటింది. గంగాదేవి తలుపుకు వీపు పెట్టి, టీవీ ముందు చాపమీద కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు విని, వెనక్కి తిరగకుండానే, "నిలబడు శివా, మాట్లాడగాకు. ఆయప్ప చెప్తాండాడు" అంది.

తెరమీద తెల్లశాలువా దేవదూత చిరునవ్వు నవ్వి, "ఇక అతను రాడు తల్లీ. ఎదురుచూపు మానుకో. నీ దారి నువ్వు చూసుకో" అన్నాడు.

ఆ వాక్యం శివకుమార్ రాసింది కాదు. అయినా తను రాసినదానికంటే బాగా తగిలింది. గంగాదేవి వీపు కదలలేదు. సీరియల్ అలవాటు ప్రకారం సంగీతం హోరెత్తింది. మాటలు ఆగిపోయి ముఖాలు ఒకటే దగ్గరకూ దూరానికీ జరగసాగాయి. కిటికీ దగ్గర నిలబడ్డ హీరోయిన్ ముఖం. కన్నీటి చుక్క. మళ్లీ అదే చుక్క, ఇంకో పక్కనుంచి.

హనుమన్న తడుముకుంటున్నట్టు నడిచి వెళ్లి చాపమీద, టీవీకి మూరెడు దూరంలో, భార్య పక్కన కూర్చున్నాడు. గంగాదేవి తల తిప్పి చూసింది. చూస్తూనే ఉండిపోయింది. అతను తెరవైపే ముఖం పెట్టి ఉన్నాడు. గుమ్మంలో శివకుమార్ నోరు కదిపి చప్పుడు లేకుండా 'దీపం, దీపం' అని అందిస్తున్నాడు. అది ఎవరికీ కనపడలేదు. కనపడవలసినవాడికి అసలే కనపడదు.

చివరికి హనుమన్న అడిగాడు, టీవీనే అడుగుతున్నట్టు. "ఇప్పుడేమయితాంది?"

గంగాదేవి తెరవంక చూసింది. కిటికీ దగ్గర హీరోయిన్ ఒంటరిగా ఏడుస్తోంది.

"ఆయమ్మ మొగుడు వచ్చినాడు" అంది గంగాదేవి.

శివకుమార్ నోరు కదపడం ఆపేశాడు.

"వచ్చినాడా?"

"ఆఁ. ఇప్పుడే వచ్చినాడు."

"ఎట్లుండాడు?"

"చిక్కిపోయినాడు. ఏం తినినాడో, ఏం లేదో. అంగీ గుండీలు కిందిది పైన, పైది కింద పెట్టుకున్యాడు."

హనుమన్న చెయ్యి తన అంగీ మీదికి పోయి ఆగింది. తెరమీద కన్నీటి చుక్క మూడోసారి జారింది.

"ఏమంటాండాడు?"

"ఇంగా ఏమనల్యా. కూసోని ఉండాడు. ఏమంటాడోనని ఆయమ్మ సూస్తాండాది."

బస్సులో కర్నూలు దాకా వల్లించిన వెలుగు, దీపం అన్నీ ఎక్కడ పోయాయో పోయాయి.

"నాకు కండ్లు కనపడ్డంల్యా గంగా" అన్నాడు. "ఆ పొద్దు పోగు తప్పిండేది నేను."

"తెలుసులే" అంది గంగాదేవి.

"తెలిసే చెప్తివా?"

"తెలీకుండా ఎట్లుంటుంది? దినామూ పక్కనే కూసుంటాండాను గదా. షావుకారు ముందర ఆ మాటెందుకని నేనంటి. నీకు కష్టమైతుందని తెల్దు."

తమ్ముడికి చెప్పబోయి ఆగిపోయిన మాట అదే. అది విని ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. దేవదూత అవసరం ఉండేది కాదు, శివకుమార్ అవసరం అసలే ఉండేది కాదు. అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. జేబులో ఫోన్ వణికింది, మహానంది. రేపటి సీను ఏదని అడగడానికి. తీసి, నొక్కి, ఆపేశాడు.

చాపమీద హనుమన్న ఇంకా తెరవైపే చూస్తున్నాడు, అక్కడ ఏముందో తెలియకుండా.

"మరి ఆయమ్మేమంటాండాది?" అన్నాడు.

"రేపు పొద్దున్నే కండ్ల ఆసుపత్రికి పోదాం పా అంటాండాది."

"ఆయప్పకు భయమంట. పోతే కండ్లు ఇంగ రావని చెప్తారేమోనని."

"ఆయమ్మక్కూడా భయమే" అంది గంగాదేవి. అతని అంగీకి ఒక్కో గుండీ విప్పి, సరిచేసి, మళ్లీ పెడుతూ అంది. "అయినా పోదాం పా అంటాండాది."

టీవీలో అప్పటికే సబ్బు ప్రకటన వస్తోంది.